టూ వే స్విచ్ లైటు మొరాయిస్తే లోపం కనిపెట్టే పద్ధతి

మెట్ల కింద ఒక స్విచ్, మెట్ల పైన ఇంకొక స్విచ్ ఉండి, దేన్ని నొక్కినా అదే లైటు వెలగడమో ఆరడమో జరిగే ఏర్పాటును టూ వే వైరింగ్ అంటారు. పొడవైన నడవాల్లోను, రెండు తలుపులున్న గదుల్లోను, తలుపు పక్కన ఒకటి మంచం పక్కన ఒకటి స్విచ్ ఉండే పడకగదుల్లోను ఇదే ఉంటుంది. ఇది చెడిందంటే లైటు అసలే వెలగదని కాదు. పై స్విచ్ ఒక వైపున ఉంటేనే కింది స్విచ్ పనిచేయడం, నిన్న పనిచేసిన స్విచ్ ఇవాళ చేయకపోవడం వంటి వింత పోకడలు ఎక్కువగా కనిపిస్తాయి.

విసుగుతో స్విచ్ విప్పి వైర్లను అటూ ఇటూ మార్చి చూడటం చాలామంది చేసే మొదటి పని. ఒక్కో స్విచ్‌కు 3 వైర్లు, 3 టెర్మినళ్లు (వైరు చివరను బిగించే చోట్లు) ఉంటాయి కాబట్టి వాటిని 6 విధాలుగా బిగించవచ్చు. రెండు స్విచ్చులకూ కలిపి లెక్కిస్తే 36 విధాలవుతాయి. వాటిలో సరిగా పనిచేసేవి 4 మాత్రమే. పైగా స్విచ్ బాగానే ఉండి గోడలోని వైరు తెగిపోయి ఉంటే ఆ 36లో ఏదీ పనిచేయదు, ఇంతలో ఏ వైరు మొదట ఎక్కడ ఉందో మరిచిపోయి ఉంటాము. అందువల్ల స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు లైటు ప్రవర్తనను ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. ఆ కాగితమే సగం లోపాన్ని చెబుతుంది.

మొదట ఈ వైరింగ్ ఎలా నడుస్తుందో తెలియాలి

మామూలు స్విచ్‌కు రెండు టెర్మినళ్లు ఉంటాయి, అది వైరును కలుపుతుంది లేదా విడదీస్తుంది. టూ వే స్విచ్‌కు మూడు టెర్మినళ్లు ఉంటాయి. వాటిలో ఒకటి కామన్. మీట ఒక వైపు ఉన్నప్పుడు కామన్ మొదటి టెర్మినల్‌తోనూ, రెండో వైపు ఉన్నప్పుడు రెండో టెర్మినల్‌తోనూ కలుస్తుంది. అంటే ఈ స్విచ్‌లో ఆన్, ఆఫ్ అనేవి లేవు. ఇది రైలు పట్టాల మీద దారి మార్చే మీట లాంటిది, ఎప్పుడూ ఏదో ఒక దారి తెరిచే ఉంటుంది.

ఎక్కువ ఇళ్లలో కనిపించే పద్ధతి ఇది. ఫేజ్ వైరు, అంటే కరెంటు తెచ్చే వైరు, మొదటి స్విచ్ కామన్‌కు వస్తుంది. ఆ స్విచ్‌లోని మిగతా రెండు టెర్మినళ్ల నుంచి రెండు వైర్లు రెండో స్విచ్‌లోని మిగతా రెండు టెర్మినళ్లకు వెళతాయి. వీటిని ఈ వ్యాసంలో జంట వైర్లు అందాము. రెండో స్విచ్ కామన్ నుంచి ఒక వైరు లైటు హోల్డర్‌కు వెళుతుంది, దాన్ని లైటు వైరు అందాము. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, ఏ స్విచ్‌నూ తాకకుండా నేరుగా హోల్డర్‌కు చేరుతుంది. మొదటి స్విచ్ ఫేజ్‌ను జంట వైర్లలో ఒకదానిలోకి పంపుతుంది. రెండో స్విచ్ కూడా అదే వైరును పట్టుకుని ఉంటే లైటు వెలుగుతుంది, రెండోదాన్ని పట్టుకుని ఉంటే వెలగదు.

దీని నుంచి తేలే ముఖ్య విషయం ఒకటుంది. జంట వైర్లు రెండూ తమలో తాము తారుమారైనా నష్టం లేదు. మీట ఏ వైపున ఉంటే లైటు వెలుగుతుందన్నది మాత్రమే మారుతుంది, రెండు స్విచ్చులూ చక్కగానే పనిచేస్తాయి. కామన్‌లో ఉండాల్సిన వైరు జంట వైర్ల చోటికి జారితే మాత్రం అంతా చెడుతుంది. కొత్త స్విచ్ బిగించిన మరుసటి రోజు నుంచి మొదలైన ఫిర్యాదులకు నా అనుభవంలో ఇదే అన్నిటికన్నా సాధారణమైన కారణం. పాత స్విచ్‌లో కామన్ మధ్యలో ఉండి, కొత్త కంపెనీ స్విచ్‌లో ఒక పక్కకు ఉండటం వల్ల, వైర్లను చూసినవి చూసినట్టు అదే వరుసలో బిగించిన చేతులు పొరబడతాయి.

స్విచ్ విప్పకుండా చేసే పరీక్ష

రెండు స్విచ్చులకూ కలిపి మీటలు నాలుగు స్థితుల్లో ఉండవచ్చు. వాటిని ఈ వరుసలో పరీక్షించండి: రెండు మీటలూ పైకి, మొదటిది పైకి రెండోది కిందికి, రెండూ కిందికి, మొదటిది కిందికి రెండోది పైకి. ఈ వరుసలో ఒక్కో అడుగుకు ఒక్క మీటే కదులుతుంది, కాబట్టి ఆరోగ్యంగా ఉన్న వైరింగ్‌లో ప్రతి అడుగుకూ లైటు మారాలి. వెలుగు, చీకటి, వెలుగు, చీకటి అని గానీ, చీకటితో మొదలై అదే విధంగా గానీ రావాలి. ఈ వరుసను కనీసం మూడుసార్లు తిరిగి చేసి, ప్రతిసారీ రాసుకోండి.

నాలుగింటిలో ఒక్కసారే లైటు వెలిగితే అనుమానించాల్సినవి మూడు. కామన్ వైరు ఒక స్విచ్‌లో తప్పు టెర్మినల్‌లో ఉండవచ్చు. జంట వైర్లలో ఒకటి తెగి లేదా ఊడి ఉండవచ్చు. లేదా ఏదో ఒక స్విచ్ లోపల ఒక వైపు కాంటాక్ట్ కాలిపోయి ఉండవచ్చు. ఈ మూడింటిలోనూ లైటు ప్రవర్తన అచ్చంగా ఒకేలా ఉంటుంది. కాబట్టి బయటి నుంచి చూసి వీటిని విడదీయలేము, లోపల కొలిచి తీరాలి. అయితే చరిత్ర కొంత సాయపడుతుంది. ఇటీవల స్విచ్ మార్చి ఉంటే మొదటి అనుమానం కామన్ మీదికి పోవాలి, గోడకు కొత్తగా మేకు కొట్టి ఉంటే తెగిన వైరు మీదికి పోవాలి, ఏ మార్పూ లేకుండా క్రమంగా చెడితే అరిగిన స్విచ్ మీదికి పోవాలి.

నాలుగింటిలో మూడుసార్లు వెలిగితే ఒక స్విచ్‌లో కామన్ పక్క టెర్మినల్‌తో అంటుకుపోయిందని అర్థం. లోపలి కాంటాక్ట్ వేడికి అతుక్కుని ఉండవచ్చు, లేదా సరిగా మెలిపెట్టని వైరులోని ఒక సన్నని పోగు బయటికి వచ్చి పక్క స్క్రూను తాకుతూ ఉండవచ్చు. నాలుగుసార్లూ వెలుగుతూనే ఉంటే జంట వైర్లు రెండూ ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి, లేదా ఎవరో ఫేజ్‌ను లైటు వైరుకే కలిపేశారు.

ఒక స్విచ్ మాత్రమే అన్ని వేళలా పనిచేస్తూ, రెండోది నొక్కినా ఏ మార్పూ లేకపోతే ఆ పనిచేయని స్విచ్ మీట లోపల విరిగి ఒకే వైపున నిలిచిపోయిందని అనుకోవచ్చు. ఒక్కసారీ వెలగకపోతే ముందుగా బల్బు మార్చండి, తరువాత ఎంసీబీ (కరెంటు అతిగా పారితే దానంతట అదే పడిపోయే రక్షణ స్విచ్) లేదా ఫ్యూజు చూడండి. ఇది చెప్పనవసరం లేని మాటలా తోస్తుంది గానీ, రెండు స్విచ్చులూ విప్పి గంటసేపు వెతికాక బల్బు మాడిపోయిందని తెలుసుకున్నవారిలో నేనూ ఒకణ్ని.

అదే స్థితిలో ఒకసారి వెలిగి ఇంకోసారి వెలగకపోతే, లేదా స్విచ్ మీద వేలితో తట్టినప్పుడు లైటు మినుకుమంటే, అది లూజ్ కాంటాక్ట్. చిటపట శబ్దం, కాలిన వాసన, స్విచ్ పలక వెచ్చగా ఉండటం దానికి తోడైతే పరీక్షలు అక్కడే ఆపి వెంటనే ఆ సర్క్యూట్‌ను ఆపివేయాలి.

ఒక స్పష్టీకరణ కూడా అవసరం. కొన్ని స్విచ్చుల మీటను నెమ్మదిగా నొక్కితే మధ్యలో ఆగుతుంది, అప్పుడు కామన్ ఏ వైపునా కలవదు గనుక లైటు ఆరిపోతుంది. పిల్లలు ఆడుకుంటూ ఇలా మధ్యలో నిలిపి వెళితే రెండో స్విచ్ ఎంత నొక్కినా లైటు రాదు. అది వైరింగ్ లోపం కాదు.

కరెంటు ఆపడం గురించి

టూ వే వైరింగ్‌లో ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. మెట్ల లైటు రెండు అంతస్తుల మధ్య ఉంటుంది కాబట్టి, ఫేజ్ కింది అంతస్తు సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ పై అంతస్తు సర్క్యూట్ నుంచి తీసుకున్న ఇళ్లు ఉన్నాయి. ఒకే స్విచ్ బోర్డులో పక్కపక్కన ఉన్న స్విచ్చులకు వేర్వేరు ఎంసీబీల నుంచి ఫేజ్ వచ్చే ఇళ్లు ఇంకా ఎక్కువ. ఇలాంటి చోట ఒక ఎంసీబీ ఆపి, లైటు ఆరింది కదా అని చేయి పెడితే పక్క వైరు ప్రాణం తీయగలదు. న్యూట్రల్ అనుకున్న వైరు కూడా, విప్పిన క్షణాన, ఆ న్యూట్రల్‌ను పంచుకుంటున్న వేరే పరికరం గుండా వచ్చిన కరెంటుతో షాకు కొట్టవచ్చు. కాబట్టి ఈ పనికి మెయిన్ స్విచ్చే ఆపండి. ఇంట్లో ఇతరులు తెలియక తిరిగి వేయకుండా దాని మీద టేపు అంటించి, కాగితం రాసి పెట్టండి. ఇన్వర్టర్ లేదా సోలార్ సరఫరా ఉంటే మెయిన్ ఆపినా లైటు సర్క్యూట్‌లో కరెంటు ఉండవచ్చు, దాన్ని కూడా విడిగా ఆపాలి.

ఆపిన తరువాత కరెంటు లేదని నిరూపించుకోవాలి. టెస్టర్‌ను ముందుగా కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకోండి. తరువాత మెయిన్ ఆపి, స్విచ్‌లోని ప్రతి టెర్మినల్ మీదా పెట్టండి. మీటను రెండు వైపులా మార్చి మళ్లీ పెట్టండి. చివరగా సరఫరా ఉన్న మరో చోట టెస్టర్‌ను తిరిగి పరీక్షించండి, మధ్యలో అది పాడై ఉంటే అది చూపిన సున్నాకు అర్థం లేదు. ఇల్లంతా చీకటిగా ఉంటే ఈ చివరి పరీక్షను మెయిన్ స్విచ్‌కు వచ్చే వైపున చేయాల్సి వస్తుంది. అక్కడ చేయి పెట్టడానికి జంకు ఉన్నవారు పని మొత్తాన్నీ ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడమే సరైనది. ఇంటి స్థిర వైరింగ్‌ను లైసెన్సు ఉన్నవారే ముట్టుకోవాలన్న నిబంధన కొన్ని దేశాల్లో ఉంది, అక్కడ ఈ వ్యాసం లోపాన్ని గుర్తించి ఎలక్ట్రీషియన్‌కు స్పష్టంగా చెప్పడానికి మాత్రమే పనికి వస్తుంది.

కావాల్సిన సామగ్రి కొద్దిగానే ఉంటుంది: ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్లు, బజర్ ఉన్న మల్టీమీటర్ (తాకించిన రెండు చివరలూ లోపల కలిసి ఉంటే మోగే మీటర్), నాలుగైదు కనెక్టర్లు, ఇన్సులేషన్ టేప్, గుర్తులు రాయడానికి కాగితపు టేప్, టెస్ట్ బల్బుగా వాడటానికి, హోల్డర్‌కు రెండు వైర్లు బిగించిన ఒక ఫిలమెంట్ బల్బు.

ఆ చివరి వస్తువు పాతకాలపుదిగా అనిపించవచ్చు. కానీ ఈ వైరింగ్‌లో డిజిటల్ మీటర్ ఒక్కటే ఉంటే అది తరచుగా తప్పుదోవ పట్టిస్తుంది. జంట వైర్లు ఒకే పైపులో పక్కపక్కనే మీటర్ల పొడవున నడుస్తాయి. ఒకదానిలో కరెంటు ఉన్నప్పుడు, దేనికీ తగలకుండా గాలిలో ఉన్న రెండోదాని మీద కూడా కొంత వోల్టేజి కనిపిస్తుంది. డిజిటల్ మీటర్ అంతర్గత నిరోధం సాధారణంగా 10 మెగాఓముల దాకా ఉంటుంది కాబట్టి అది ఈ భూతం లాంటి వోల్టేజిని నిజమైనదిగా చూపి, 230 వోల్టుల సరఫరాలో పదులకొద్దీ వోల్టులు ఉన్నట్టు అంకె ఇస్తుంది. నియాన్ టెస్టర్ కూడా సన్నగా వెలుగుతుంది. అది చూసి రెండు వైర్లలోనూ ఫేజ్ ఉందని నిర్ణయించుకుని పైపులోని వైర్లన్నీ మార్చడానికి సిద్ధపడినవారు ఉన్నారు. ఫిలమెంట్ బల్బు కొంత కరెంటు తాగితే గాని వెలగదు గనుక భూతపు వోల్టేజికి అది లొంగదు.

విప్పేటప్పుడు

మొదటి పని ఫోటో తీయడం. ఆ తరువాత, ఒక్క వైరు కూడా విప్పకముందే, కామన్ టెర్మినల్‌లో ఉన్న వైరుకు కాగితపు టేప్ చుట్టి గుర్తు రాయండి. స్విచ్ వెనుక కామన్ అన్న అర్థంలో ఏదో ఒక గుర్తు ఉంటుంది, మిగతా రెండింటికి 1, 2 అనే అంకెలు గానీ బాణం గుర్తులు గానీ ఉంటాయి. కొన్ని స్విచ్చుల్లో కామన్ స్క్రూ రంగు ముదురుగా ఉంటుంది. మధ్యలో ఉన్నదే కామన్ అన్న నమ్మకం చాలా స్విచ్చులకు సరిపోయినా, అన్నిటికీ సరిపోదు.

వైరు రంగును సాక్ష్యంగా తీసుకోవద్దు. న్యూట్రల్‌కు కేటాయించిన రంగు వైరును జంట వైరుగా వాడటం టూ వే వైరింగ్‌లో సర్వసాధారణం, మిగిలిన ముక్కలతో పని పూర్తిచేసిన చోట మూడు వైర్లూ ఒకే రంగులో కూడా ఉంటాయి. టెర్మినల్‌లో రెండేసి వైర్లు ఉంటే వాటిని కలిపే ఉంచి, కలిపే గుర్తు పెట్టాలి. అందులో ఒకటి పక్క స్విచ్‌కు ఫేజ్ తీసుకెళుతూ ఉండవచ్చు.

విప్పే ముందే ప్రతి వైరును మెల్లగా లాగి చూడండి. లోపం అక్కడే బయటపడే అవకాశం ఎక్కువ. స్క్రూ రాగి మీద గాక ఇన్సులేషన్ మీద బిగిసి ఉండటం, సన్నని వైరు పెద్ద రంధ్రంలో పట్టు లేక ఊగుతూ ఉండటం, పోగుల్లో సగం విరిగిపోయి ఉండటం అప్పుడే కనిపిస్తాయి. నల్లబడిన భాగాన్ని కత్తిరించి, కొత్తగా ఒలిచి, పోగులను మెలిపెట్టి, వైరు సన్నగా ఉంటే చివరను రెండుగా మడిచి బిగించాలి.

స్విచ్ మంచిదో కాదో తేల్చడం

వైర్లన్నీ విప్పిన స్విచ్‌ను చేతిలోకి తీసుకుని మీటర్‌ను బజర్ మీద పెట్టండి. కామన్‌కు, ఒకటో టెర్మినల్‌కు మీటర్ పుల్లలు తాకిస్తే మీట ఒక వైపున మోగాలి, రెండో వైపున మోగకూడదు. రెండో టెర్మినల్‌తో సరిగ్గా దీనికి తలకిందులుగా జరగాలి. ఒక్కో వైపుకు పదిసార్లు మార్చి చూడండి, పదింటిలో ఒకసారి మోగకపోయినా ఆ స్విచ్‌ను పక్కన పెట్టడమే మేలు.

గుర్తులు చెరిగిపోయిన స్విచ్‌లో కామన్ ఏదో తెలియకపోతే మూడు టెర్మినళ్లను జంటలుగా తీసుకుని మూడు జంటలనూ పరీక్షించండి. మీట ఏ వైపున ఉన్నా ఒక జంట అసలు మోగదు. ఆ జంటలో లేని మూడో టెర్మినలే కామన్.

ఇక్కడ ఇంకొక పొరపాటు కూడా దొరుకుతుంది. టూ వే స్విచ్ చెడినప్పుడు ఇంట్లో ఉన్న మామూలు స్విచ్‌ను పెట్టి, మిగిలిపోయిన మూడో వైరుకు టేపు చుట్టి వదిలేస్తారు. ముందు నుంచి చూస్తే రెండు స్విచ్చులూ ఒకేలా ఉంటాయి, వెనుక టెర్మినళ్లు లెక్కపెడితేనే తెలుస్తుంది.

గోడలోని వైర్లను గుర్తుపట్టడం

రెండు స్విచ్చులూ మంచివని తేలితే, రెండు చోట్లా మూడేసి వైర్లు విడివిడిగా, ఒకదానికొకటి గానీ పెట్టెకు గానీ తగలకుండా, ఒక్కోదానికి ఒక్కో కనెక్టర్ తొడిగి ఉంచండి. ఆ పెట్టెల దగ్గరికి ఎవరూ రాకుండా చూసుకుని మెయిన్ వేయండి. ఇప్పుడు ఈ 6 వైర్ల చివరల్లో ఒక్కదానిలోనే ఫేజ్ ఉండాలి. టెస్ట్ బల్బు ఒక వైరును తెలిసిన న్యూట్రల్‌కు, రెండోదాన్ని ఒక్కో కనెక్టర్‌కు తాకించి చూస్తే ఏది వెలిగిస్తుందో అదే మొదటి స్విచ్ కామన్‌కు పోవాల్సిన ఫేజ్. బల్బును ఎర్త్‌కు తాకించి పరీక్షించవద్దు, ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరాను తెంపే రక్షణ స్విచ్) ఉన్న ఇంట్లో అది వెంటనే పడిపోతుంది, ఎర్త్ సరిగా లేని ఇంట్లో లోహపు భాగాలన్నిటికీ కరెంటు పాకుతుంది.

ఫేజ్‌కు గుర్తు పెట్టి మెయిన్ మళ్లీ ఆపి, కరెంటు లేదని మళ్లీ నిరూపించుకోండి. తరువాత ఫేజ్ ఉన్న పెట్టెలో మిగిలిన రెండు వైర్లను ఒకే కనెక్టర్‌లో కలపండి. రెండో పెట్టె దగ్గరికి వెళ్లి అక్కడి మూడు వైర్లను జంటలుగా మీటర్‌తో పరీక్షించండి. మోగిన రెండూ జంట వైర్లు, మిగిలినది లైటు వైరు. పొడవైన వైరు ఒకటి మెట్ల మీదుగా లాగే అవసరం లేకుండా గుర్తింపు పూర్తవుతుంది.

ఏ జంటా మోగకపోతే జంట వైర్లలో కనీసం ఒకటి తెగినట్టే. ఏది తెగిందో తెలుసుకోవడానికి మెయిన్ ఆపి ఉన్నప్పుడే ఎర్త్ వైరును తిరుగు దారిగా వాడుకోవచ్చు. మొదటి పెట్టెలో ఒక వైరును ఎర్త్‌కు కలిపి, రెండో పెట్టెలో ఎర్త్‌కు, ఒక్కో వైరుకు మధ్య మీటర్ పెట్టి చూడండి. తరువాత రెండో వైరుతో అదే చేయండి. పరీక్ష అయ్యాక ఎర్త్ కలిపిన ముడి విప్పడం మరిచిపోతే మెయిన్ వేసినప్పుడు షార్ట్ అవుతుంది కాబట్టి, ఆ ముడికి కంటికి కొట్టే రంగు టేపు చుట్టడం నా అలవాటు. తెగిన వైరును గోడలో అతికే ప్రయత్నం చేయవద్దు. పైపు ఉంటే పాత వైరును పట్టుకునే కొత్తది లాగవచ్చు. మధ్యలో జంక్షన్ బాక్స్ ఉంటే లాగే ముందు దాన్ని తెరిచి చూడండి, తెగిన చోటు చాలాసార్లు అక్కడి అతుకే అవుతుంది.

విప్పి చూస్తే వైర్లు పైన చెప్పిన పద్ధతికి సరిపోకపోతే

ఒక స్విచ్‌లో 5 వైర్లు, రెండోదానిలో 3 వైర్లు ఉంటే భయపడనక్కరలేదు. ఇది వేరొక సరైన పద్ధతి. ఇందులో కామన్ నుంచి కామన్‌కు, ఒకటి నుంచి ఒకటికి, రెండు నుంచి రెండుకు మూడు వైర్లు నడుస్తాయి. ఫేజ్ మొదటి స్విచ్‌లోని ఒకటో టెర్మినల్‌కు, లైటు వైరు అదే స్విచ్‌లోని రెండో టెర్మినల్‌కు చేరతాయి. ఇక్కడ రెండు మీటలూ వేర్వేరు టెర్మినళ్ల వైపు ఉన్నప్పుడు లైటు వెలుగుతుంది. కామన్‌ల మధ్య వైరు తెగితే లైటు ఒక్కసారీ వెలగదు, మిగతా రెండింటిలో ఒకటి తెగితే నాలుగింటిలో ఒక్కసారే వెలుగుతుంది. మొదటి పద్ధతిని మనసులో పెట్టుకుని దీన్ని సరిచేయబోతే బాగున్నది కూడా పాడవుతుంది.

దీనికి భిన్నంగా, సరిగా పనిచేస్తూ కూడా ప్రమాదకరమైన ఏర్పాటు ఒకటుంది. కొన్ని పాత ఇళ్లలో రెండు వైర్లు ఆదా చేయడానికి ప్రతి స్విచ్‌కూ ఒక పక్క ఫేజ్, ఇంకో పక్క న్యూట్రల్ ఇచ్చి, రెండు కామన్‌లనూ లైటు హోల్డర్ రెండు చివరలకు కలిపారు. రెండు చివరలకూ ఒకటే వస్తే లైటు ఆరుతుంది, వేర్వేరు వస్తే వెలుగుతుంది. నాలుగు స్థితుల పరీక్షలో దీనికి నూటికి నూరు మార్కులు వస్తాయి. అయితే లైటు ఆరి ఉన్నప్పుడు హోల్డర్ రెండు చివరల్లోనూ ఫేజ్ ఉండే వీలుంది, బల్బు మార్చే చేతికి అది తెలియదు. స్విచ్ లోపల పూర్తి సరఫరా వోల్టేజి గోరంత దూరంలో ఎదురెదురుగా ఉంటుంది కాబట్టి, మీట మారేటప్పుడు పుట్టిన నిప్పురవ్వ ఆ రెండింటినీ కలిపితే నేరుగా షార్టే. త్రీ ఫేజ్ సరఫరా ఉన్న ఇంట్లో రెండు స్విచ్చులకూ వేర్వేరు ఫేజ్‌లు వచ్చి ఉంటే హోల్డర్ చివరల మధ్య 230 వోల్టులు కాదు, దాదాపు 400 వోల్టులు వస్తాయి. వైర్లన్నీ విడదీసి చేసే పరీక్షలో రెండు పెట్టెల్లోనూ ఫేజ్ కనిపిస్తే ఇదే ఏర్పాటని అనుమానించాలి. దీన్ని బాగుచేయడమంటే కొత్తగా జంట వైర్లు లాగించడమే, మరో దారి లేదు.

ఇంకో దోషం కూడా పైకి కనపడదు. స్విచ్చులు ఫేజ్‌ను గాక న్యూట్రల్‌ను తెంపుతూ ఉంటాయి. లైటు అన్ని విధాలా సక్రమంగానే వెలిగి ఆరుతుంది గానీ, ఆరి ఉన్నప్పుడు కూడా హోల్డర్‌లో ఫేజ్ నిలిచే ఉంటుంది. స్విచ్చులతో లైటు ఆర్పి, హోల్డర్ దగ్గర ఫేజ్ ఉందేమో పరీక్షిస్తే బయటపడుతుంది.

ఎంసీబీ పడిపోతుంటే

ఏ స్థితుల్లో పడుతోందో రాసుకుంటే చాలు. లైటు వెలగాల్సిన రెండు స్థితుల్లోనే పడితే లోపం లైటు వైరులోనో హోల్డర్‌లోనో ఉంది. రెండో స్విచ్ ఎటున్నా, మొదటి స్విచ్ ఒక వైపుకు మార్చిన ప్రతిసారీ పడితే ఆ వైపు జంట వైరు న్యూట్రల్‌కో ఎర్త్‌కో తగులుతోంది. మొదటి స్విచ్ ఎటున్నా మెయిన్ వేయగానే పడితే స్విచ్‌కు రాకముందే ఫేజ్ వైరు దెబ్బతిన్నది. ఎంసీబీ నిలిచి ఉండి ఆర్‌సీసీబీ మాత్రమే పడుతుంటే, ముఖ్యంగా లైటు వెలిగిన వెంటనే పడుతుంటే, ఎర్త్ లీకేజీతో పాటు పైన చెప్పినట్టు వేరే సర్క్యూట్ నుంచి అరువు తీసుకున్న న్యూట్రల్ ఉందేమో కూడా చూడాలి. ఒక ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన కరెంటు ఇంకొకదాని న్యూట్రల్ గుండా తిరిగి వస్తే రెండింటికీ లెక్క తప్పుతుంది.

ఆర్పినా సన్నగా వెలిగే ఎల్‌ఈడీ

టూ వే లైటుకు ఎల్‌ఈడీ బల్బు పెట్టిన తరువాత, ఆర్పినా అది మసకగా వెలుగుతూ లేదా ఆగి ఆగి మెరుస్తూ ఉండటం తరచుగా వినే ఫిర్యాదు. లైటు ఆరి ఉన్నప్పుడు జంట వైర్లలో ఒకటి ఫేజ్‌తోను, రెండోది లైటుతోను కలిసి ఉండి పక్కపక్కనే నడుస్తాయి. ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకే అతి స్వల్పమైన కరెంటు ఫిలమెంట్ బల్బును కదిలించలేదు గానీ, ఎల్‌ఈడీని మిణుకుమనిపించగలదు. మొదట న్యూట్రల్ తెంపుడు దోషం లేదని, స్విచ్‌లో చిన్న నియాన్ దీపం లేదని చూసుకోండి. ఆ రెండూ లేకపోతే వేరే రకం ఎల్‌ఈడీ బల్బు పెట్టి చూడటం తేలికైన మార్గం. అదీ కాకపోతే ఇందుకోసమే తయారయ్యే బైపాస్ కెపాసిటర్‌ను హోల్డర్ దగ్గర ఫేజ్ న్యూట్రల్‌ల మధ్య బిగించవచ్చు.

మధ్యలో మూడో స్విచ్ ఉంటే

మూడంతస్తుల మెట్లకు మధ్యలో ఉండేది ఇంటర్మీడియట్ స్విచ్. దానికి 4 టెర్మినళ్లు ఉంటాయి, జంట వైర్లను ఒక వైపున నేరుగా, ఇంకో వైపున అడ్డంగా మార్చి కలుపుతుంది. ఇలాంటి చోట లోపం వెతికేటప్పుడు కరెంటు ఆపి, మధ్య స్విచ్‌ను తీసి, వచ్చే రెండు వైర్లను పోయే రెండు వైర్లకు కనెక్టర్లతో కలిపేయండి. చివరి రెండు స్విచ్చులూ చక్కగా పనిచేస్తే లోపం మధ్య స్విచ్‌లోనో, దాని వైర్ల జతలు తప్పడంలోనో ఉంది.

తిరిగి బిగించాక

ప్రతి స్క్రూనూ బిగించిన వెంటనే ఆ వైరును లాగి చూడండి. స్విచ్‌ను పెట్టెలోకి నొక్కేటప్పుడు వైర్లను ముందుగానే మడిచి సర్దండి, బలంగా తోస్తే బిగించినవి కూడా ఊడతాయి, పెట్టె అంచుకు ఇన్సులేషన్ చిరుగుతుంది. లోహపు పెట్టె అయితే దాని ఎర్త్ ముడి చోటులోనే ఉందో లేదో చూడండి. మెయిన్ వేసి నాలుగు స్థితుల పరీక్షను మొదటి నుంచీ మూడుసార్లు చేయండి. లైటును అరగంట వెలిగించి ఉంచి రెండు స్విచ్ పలకల మీద చేయి పెడితే ఏదీ వెచ్చగా ఉండకూడదు. కామన్ వైర్లకు చుట్టిన కాగితపు టేపులను మాత్రం తీయకుండా లోపలే వదిలేయండి.